మొక్కులో ఉన్నవాళ్ళకు చేపలు పెట్టరు

మొగుడూ పెళ్ళాలు కలిసి సైకిళ్ళ మీద దూరాలు వెళితే దాంపత్యం గట్టిపడుతుందని మా ఆయన సైకిలు సంఘంవాళ్ళ నమ్మకం. ఆ సంఘంలో అందరూ మగవాళ్ళే. వాళ్ళ పెళ్ళాలను ఎవరైనా అడిగారో లేదో నాకు తెలియదు. నన్నయితే అడగలేదు.

అసలు సంగతి ఇలా ఉంటుంది. ఆయన ముందు, నేను వెనక. రెండు వైపులా వేలాడే సంచులు నా సైకిలుకే ఉంటాయి, ఎందుకంటే ఆయన దారి చూపించాలి, దారి చూపించేవాడికి బరువుండకూడదు. ముందున్నవాడు గాలిని చీల్చుకుంటూ పోతాడనీ, వెనకున్నవాళ్ళకు తొక్కడం తేలికవుతుందనీ బయలుదేరే ముందు నాకు పాఠం చెప్పారు. నిజమే కావచ్చు. కాని ఆయన చీల్చిన గాలి నేను అక్కడికి చేరేసరికి మళ్ళీ కుట్టుకుపోయి, నా మీద కక్ష కట్టినట్టు ఎదురొచ్చేది.

ఏదో ఒక నీడ చూసి ఆయన ఆగేవారు. నీళ్ళు తాగేవారు, కాళ్ళు చాపుకునేవారు, ఫోను చూసుకునేవారు. నేను రొప్పుకుంటూ వెళ్ళి కాలు కింద పెట్టగానే లేచి, ప్యాంటు దులుపుకుని, "పద పద, ఎండెక్కిపోతాది" అనేవారు. ఆయన నాకోసం ఎదురు చూస్తూ విశ్రాంతి తీసుకునేవారు. నాకోసం ఎదురు చూడడానికి ఎవరూ లేరు కాబట్టి నాకు విశ్రాంతి లేదు. ఇది లెక్కల మాస్టారికి చెప్పినా అర్థమవుతుంది. మా ఆయన నరసింగరావుకు, గరివిడిలో ఒక కంపెనీ స్టోర్సు మొత్తాన్ని నడిపిన మనిషికి, అర్థం కాలేదు.

పైగా ఆ ప్రయాణం నా ఆలోచన. పాలకొండలో చదువుకునే రోజుల్లో మా నాన్న సైకిలు మీద నాగావళి దాకా వెళ్ళి వచ్చేదాన్ని. చేతులు వదిలేసి కూడా తొక్కేదాన్ని. అప్పటినుంచీ ఒకటే కోరిక, రోడ్డు ఎక్కడ అయిపోతుందో అక్కడిదాకా వెళ్ళాలని. రోడ్డు ఎక్కడా అయిపోదని పెద్దయ్యాక తెలిసింది, కనీసం రాష్ట్రం అయిపోయేచోటికైనా వెళదామనుకున్నాను. ఆయనకు షుగరు వచ్చి, డాక్టరు సైకిలు తొక్కమన్నాక, మొన్న మాఘమాసంలో నేనే అన్నాను, "ఇచ్ఛాపురం దాకా వెళదామా?" అని. ఆయన రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు అది తన ఆలోచనగా నాకు చెప్పారు.

మంచుతెరల్లో గరివిడి దాటి, చీపురుపల్లి దాటి, లావేరు వైపు తిరిగాం. ఆ ఉదయం గురించి మాత్రం నేను చెడ్డమాట చెప్పను. కోతలైపోయిన మళ్ళలో మినపచేలు ఆకుపచ్చగా పరుచుకుని ఉన్నాయి. జీడిమామిడి పూతవాసన రోడ్డు మీదికి వస్తోంది. ఒక దిగుడులో సైకిలు దానంతటదే పోతుంటే నాకు గట్టిగా కేక వెయ్యాలనిపించింది. వేశాను. ముందున్న ఆయన బ్రేకు వేసి, "పంచరా?" అన్నారు.

గొడవ మొదలైంది ఆయన మేనమామ గణపతిరావు గారింటి దగ్గర. లావేరు దగ్గర పల్లెలో ఉంటారు. చుట్టాలిల్లు దాటి పోతే మా వైపు అది నేరం. అందుకని ఆగాం. వీధిలో సైకిళ్ళు ఆపి, నెత్తిన హెల్మెట్లతో నిలబడేసరికి, మావయ్య అరుగు మీదినుంచి లేచి వచ్చి, ముందు మేనల్లుణ్ణీ తరవాత సైకిలునూ కిందనుంచి పైదాకా చూశారు.

"ఒరే నరసింగా, ఏట్రా ఇది? కారేదిరా?"

"ఇంటికాడే ఉన్నాది మావా."

"ఉన్నాదా, అమ్మేసినావా? దాపరికం ఎందుకురా నా దగ్గిర?" అని, నావైపు తిరిగి గొంతు తగ్గించి, "అమ్మా పద్మా, నువ్వు సెప్పు. ఈడేటైనా వ్యాపారం ఎట్టి ములిగిపోనాడా?"

"అబ్బే లేదు మావయ్యా, సరదాకి వచ్చాం" అన్నాను.

మావయ్య నవ్వారు. ఇంట్లోంచి వచ్చిన అత్తయ్యా నవ్వింది. ఇద్దరూ నవ్వు ఆపి, ఇంక నిజం చెప్పమన్నట్టు నిలబడ్డారు. ఇరుగుపొరుగు కూడా పోగయ్యారు. యాభైకి దగ్గరపడుతున్న ఆడది సరదాకి సైకిలు మీద ఊరు విడిచి వచ్చిందంటే నమ్మేవాళ్ళు ఆ వీధిలో ఒక్కరూ లేరు.

మా ఆయన ముఖం ఎర్రబడింది. "మొక్కు మావా" అన్నారు.

ఆ ఒక్క మాటతో వీధి వీధంతా మారిపోయింది. కాళ్ళకు నీళ్ళు వచ్చాయి. మంచాలు వాల్చారు. "అలా సెప్పు మరి! ఎవలికిరా మొక్కు?"

"ఇచ్ఛాపురం స్వేచ్ఛావతి అమ్మోరికి. పద్మకి ఒంట్లో బాగుండక."

అత్తయ్య వచ్చి నా కాళ్ళకు పసుపు రాసింది. నాకేమైందో నాకు చెప్పేవాళ్ళు లేరు. అప్పటికే మాకోసం పట్టుకున్న కోడిని మొక్కు మాట వినగానే వదిలేశారు. నీచు తినకూడదు కదా. ఆ మొక్కు వల్ల నిజంగా మేలు పొందిన ప్రాణి అదొక్కటే. పప్పు, పులుసు తిని బయలుదేరుతుంటే అత్తయ్య పసుపుగుడ్డలో కొబ్బరికాయ కట్టి నా సంచిలో పెట్టింది. "నా ముడుపు కూడా అమ్మోరికి సెల్లించమ్మా. నీ పేరు సెప్పి ఇత్తాను, నీ కష్టానికి నాకూ ఫలం వస్తాది."

ఊరు దాటాక ఆయన్ని ఆపించాను. ఆపడానికి చాలా గట్టిగా అరవాల్సి వచ్చింది.

"ఏటండీ, నాకేటయిందంట?"

"ఏదో ఒకటి చెప్పాలి కదా పద్మా. దివాలా తీశామనుకుంటన్నారు."

"అయితే మీకే బాగోలేదని చెప్పొచ్చు కదా? షుగరు నిజంగానే ఉన్నాది."

"నాకు బాగోలేదంటే మావ బెంగెట్టుకుంటాడు."

"నాకు బాగోలేదంటే?"

"నువ్వు ఎదురుగా దుక్కలా ఉన్నావు కదా, నీకేం? బెంగెందుకు పెట్టుకుంటాడు?"

దీనికి జవాబు వెతుక్కునేలోపల ఆయన మళ్ళీ ముందుకు వెళ్ళిపోయారు.

గణపతిరావు మావయ్య బెంగ పెట్టుకోలేదన్నమాట నిజం కాదు. మేం ఎచ్చెర్ల చేరేసరికి యూనివర్సిటీ గేటు దగ్గర మా అమ్మాయి ఆశ్రిత కళ్ళు వాచిపోయి నిలబడి ఉంది. అక్కడే పీజీ చదువుతోంది. నన్ను చూడగానే సైకిలుతో సహా కావలించుకుంది.

"తాతయ్య ఫోన్ చేశాడమ్మా. అందరికీ చెప్పారు, నాకెందుకు చెప్పలేదు? ఏమైంది నీకు? స్కానింగ్ రిపోర్టు ఏది?"

దాన్ని ఊరుకోబెట్టి, నిజం చెప్పి, నాడి పట్టించి, నాలుక కూడా చాపి చూపించాను. ఏడుపు ఆగాక దానికి కోపం వచ్చింది. వాళ్ళ నాన్నవైపు తిరిగింది.

"నాన్నా, సిగ్గనిపించలేదా?"

"నీకు ఫోను చేద్దామనే అనుకుంటన్నాను. ఇంతలో మావ చేసేశాడు" అన్నారాయన. తప్పంతా ఫోను కంపెనీదైనట్టు. తరవాత అదే ఊపులో, "ఒక మాట చెప్పనా ఆశ్రితా? పెళ్ళాం కోసం తొక్కుతన్నాడంటే జనం ఎంత గౌరవం ఇస్తన్నారో నువ్వు చూడాలి. ఇందాక టీకొట్టువాడు నన్ను నిలబెట్టి దణ్ణం పెట్టాడు" అన్నారు.

అప్పుడు అర్థమైంది నాకు. మొదటిసారి సిగ్గుపడి అబద్ధమాడారు. ఇప్పుడు దాని రుచి మరిగారు. ఆ సాయంత్రం సైకిలు సంఘం గ్రూపులో ఆయన ఫోటో కింద పువ్వులు, చేతులెత్తి మొక్కే బొమ్మలు వరస కట్టాయి. 'సతీప్రేమికుడు' అని ఎవరో రాశారు. సతి శ్రీకాకుళం లాడ్జిలో ఆ పక్క మంచం మీద తొడలు ఒరుసుకుపోయి కొబ్బరినూనె రాసుకుంటోంది.

సముద్రం చూసి పోదామని శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వెళ్ళాం, ఆ దారిలో నా కోపం కాసేపు మరిచిపోయానని ఒప్పుకుంటాను. ఆ దారి అలాంటిది. సముద్రం కనిపించక ముందే ముఖానికి తగులుతుంది. కాని ఊరూరా ఆయన ఆగడం, నేను చేరేసరికి నా రోగం మరో మెట్టు ఎక్కి ఉండడం ఆగలేదు. ఒక ఊళ్ళో నాకు కడుపునొప్పి. ఇంకో ఊళ్ళో గర్భసంచిలో గడ్డ. గార చేరేసరికి అది నిమ్మకాయంత. నేను వెళ్ళి నిలబడగానే ఆడవాళ్ళు నా పొట్టవైపు చూసేవాళ్ళు. నా సంచిలో పసుపుమూటలు పెరిగాయి. కాదంటే అమ్మవారిని కాదన్నట్టు. పుచ్చుకుంటే బరువు. పరాయివాళ్ళ కోరికలన్నీ నా వెనకచక్రం మీద కూర్చుని వస్తున్నాయి. ఆయన చక్రం తేలిగ్గా తిరుగుతోంది.

కళింగపట్నంలో, లైటుహౌసుకు కొంచెం ఇవతల, చిన్నతల్లి అనే ఆవిడ చిన్న భోజనశాల నడుపుతోంది. పాకలో రెండు బల్లలు, పాక ముందు ఇసకలో ఎండుతున్న చేపలు. నలభై ఏళ్ళుంటాయేమో. మొగుడు అక్కడి మగవాళ్ళందరిలాగే గుజరాత్‌లో పడవ మీద పనికి వెళ్ళాడట. పెనం మీద వంజరం ముక్కలు వేగుతున్నాయి. బయలుదేరిన దగ్గరినుంచీ నేను కలలు కన్నది ఆ వాసనే. బల్ల ముందు కూర్చోబోతున్నాను, అప్పటికే మా ఆయన గొంతు వినిపిస్తోంది.

"...మొక్కుకుని తొక్కడం మొదలెట్టానమ్మా. మొన్న డాక్టరు చూసి ఆశ్చర్యపోయాడు. గడ్డ లేదు. కరిగిపోయింది. ఆపరేషనే అక్కర్లేకపోయింది."

చిన్నతల్లి చేతిలో అట్లకాడ ఆగిపోయింది. నావైపు చూసింది. జాలి కాదు, అదేదో వేరే చూపు. గబగబా వచ్చి నాకోసం బల్ల మీద పెట్టిన చేపల కంచం తీసేసింది.

"మొక్కులో ఉన్నోళ్ళకి సేపలెట్టకూడదమ్మా. అపసారం. ఉండు, వేరే గిన్నిలో పప్పొండతాను."

"అలాంటిదేం లేదమ్మా, నాకసలు..." అని మొదలుపెట్టానో లేదో చెయ్యి అడ్డం పెట్టి నా నోరు మూసేసింది.

"అలగనకు! బాగైన రోగం మాట బైటికి సెప్పుకోకూడదు, దిష్టి తగుల్తాది. నాకు తెల్దేటి?"

మా ఆయన సముద్రంవైపు చూస్తున్నారు. పప్పు వచ్చింది. అందులో ఉప్పు సరిపోయింది, కారం సరిపోయింది. ఇరవై అడుగుల్లో సముద్రం పెట్టుకుని పప్పు తింటున్నాను. ఆ పూట నాకు వచ్చిన కోపాన్ని రాయడానికి తెలుగులో ఉన్న మాటలు ఆడవాళ్ళు రాయకూడనివి.

బయలుదేరేటప్పుడు చిన్నతల్లి ముడుపు తెచ్చింది. మిగతావాళ్ళ కంటె గట్టిగా ముడివేసి ఉంది. నా సంచిలో పెట్టి, మా ఆయన దగ్గర ఫోన్ నంబరు తీసుకుంది.

మర్నాడు మళ్ళీ శ్రీకాకుళం వచ్చి, హైవే ఎక్కి, మడపాం దగ్గర వంశధార వంతెన చేరాం. ఆయన వంతెన మొదట్లో ఆగి ఉన్నారు. నేను వెళ్ళి కాలు కింద పెట్టాను. విచిత్రం, ఆయన లేవలేదు. ముఖం వెలిగిపోతోంది.

"చిన్నతల్లి ఫోన్ చేసింది. ఆవిడకీ గడ్డేనంట పద్మా. పెద్దాసుపత్రిలో సోమవారం ఆపరేషన్‌కి రమ్మన్నారంట. మన సంగతి విన్నాక మానేసిందంట, అమ్మోరే కరిగించేస్తాదని. చూశావా? మన ప్రయాణం ఒక మనిషికి ఎంత ధైర్యం ఇచ్చిందో!"

నేను నీళ్ళసీసా నోటిదాకా తీసుకువెళ్ళి ఆపేశాను. మూత పెట్టాను.

"మీరేమన్నారు?"

"ఏమంటాను? మంచిదమ్మా అన్నాను."

ఫోను లాక్కుని చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ చేశాను. చేపల దగ్గర ఉండి ఉంటుంది.

"ఎత్తకపోతే రేపు చేద్దాం" అన్నారు. "అయినా ఫోనులో ఏమని చెబుతాం? ఇప్పుడు కాదంటే మన పరువేటవుతాది? గ్రూపులో కూడా..."

"పరువా" అన్నాను.

సైకిలు దిగి, సంచుల కొక్కేలు తీశాను. బట్టల సంచి, పంపు, పంచరు సామాను, టవళ్ళు, ఆయన మందులు, ఆయన చిరుతిళ్ళు, అన్నీ వంతెన పక్కన ఆయన కాళ్ళ దగ్గర పెట్టాను. ముడుపుల సంచి ఒక్కటీ ఉంచుకున్నాను. సైకిలు ముందుచక్రం వెనక్కి తిప్పాను.

"ఎక్కడికి?"

"కళింగపట్నం."

"పిచ్చా నీకు? టెక్కలిలో రూము చెప్పాను."

"వెళ్ళి పడుకోండి."

పెళ్ళయిన తరవాత ఆయన కూర్చుని ఉండగా నేను బయలుదేరడం అదే మొదలు. వెనక నుంచి "పద్మా! పద్మా!" అని పిలుస్తున్నారు. లారీలు పోతున్నాయి. వినపడలేదనుకున్నారేమో. బాగానే వినపడింది.

ఆ తిరుగుప్రయాణం నాకు ముక్కలు ముక్కలుగా గుర్తుంది. సింగుపురం దాటాక సముద్రపుగాలి ఎదురుకొట్టింది. చీల్చడానికి ముందు ఎవరూ లేరు, నేనే చీల్చాను. ఎవరి నీడలోనూ ఆగలేదు. తొక్కుతున్నంతసేపూ పళ్ళ మధ్య ఆయన్ని తిట్టుకుంటూనే ఉన్నాను. తిట్లు అయిపోతే మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాను. దాహమేస్తే తాగాను, అలిసిపోతే దిగి నడిచాను, నాకు ఎంతసేపు కావాలంటే అంతసేపు కూర్చున్నాను. ఇంత కోపంలోనూ ఒకటి తెలుస్తూనే ఉంది. సైకిలు బాగా నడుస్తోంది.

చిన్నతల్లి పాక ముందు చేపలు తిరగేస్తోంది. నన్ను చూసి ముఖం చేటంత చేసుకుని లేచింది. "ఏటమ్మా, ఒక్కద్దానివే వచ్చినావు? బాబేడీ?"

"ఆయన వస్తారు. నీతో చెప్పాలని వచ్చాను. నాకు గడ్డ లేదు చిన్నతల్లీ."

"కరిగిపోనాది కదా, ఎరుకే."

"కరగలేదు. అసలు ఎప్పుడూ లేదు. ఏ రోగమూ లేదు, ఏ మొక్కూ లేదు. మా ఆయన అబద్ధం చెప్పారు. నువ్వు సోమవారం ఆసుపత్రికి వెళ్ళాలి."

ఆమె ముఖం బిగిసింది. "పున్నెం పంచుకోడం ఇష్టం నేకపోతే నేదని సెప్పు. నా ముడుపు నాకిచ్చేయి. అంతేగాని అమ్మోరి మాట అబద్దమనకు."

"అమ్మోరి మాట కాదు, నరసింగరావు మాట."

"మొక్కు నేకపోతే మరి ఎందుకు తొక్కుతన్నావు?"

"ఊరికే. ఇష్టం కాబట్టి."

"ఇష్టమా?" చేతిలో చేప అలాగే ఉంది. "ఎండలో, మూటలేసుకుని, మొగుడెనకాల పరిగెట్టడం ఇష్టమా? నన్ను ఎర్రిదాన్ని సెయ్యకమ్మా. ఏ ఆడదైనా సరదాకి ఊళ్ళట్టుకుని తిరుగుతాదేటి?"

లావేరులో నవ్వారు. ఇక్కడ నవ్వడం కూడా లేదు. నా మాట నమ్మించడానికి నా దగ్గర ఏ కాగితమూ లేదు. రోగం ఉన్నట్టు చెప్పడానికి ఒక్క మాట చాలింది. లేదని చెప్పడానికి ఏమీ చాలడం లేదు. ఆయన అబద్ధానికి కారణం ఉంది, నా నిజానికి లేదు. జనం కారణం ఉన్నదాన్నే నమ్ముతారు.

అప్పుడు నేను చేసింది ముందుగా అనుకున్నది కాదు. ముడుపుల సంచి తీసి జాగ్రత్తగా బల్ల మీద పెట్టాను. చున్నీ నడుముకు బిగించాను. సైకిలెక్కి, లైటుహౌసువైపు తారురోడ్డు మీద గట్టిగా తొక్కాను. వేగం అందుకున్నాక వెనక్కి తిరిగి, పాక ఎదురుగా వస్తూ, హ్యాండిలు వదిలేశాను. రెండు చేతులూ. పాలకొండలో వదిలినట్టే. సైకిలు ఒకసారి వణికింది, తరవాత అది నిలబడింది. చేతులు చాపాను. గాలి చంకల్లోంచి పోతోంది. వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. ఎవరో ఈల వేశారు. అంత కోపంలో నాకు నవ్వొచ్చింది, పెద్దగా, నోరంతా తెరిచి. పాక దాటి, మళ్ళీ తిరిగి వచ్చి, మళ్ళీ వదిలాను. మూడోసారి ఇసక మీదికి జారి పడ్డాను.

పడ్డచోటే కూర్చుని ఇసక దులుపుకుంటుంటే చిన్నతల్లి వచ్చి పక్కన చతికిలబడింది. నా ముఖంలోకి చాలాసేపు చూసింది.

"నీకేటీ రోగం నేదు" అంది.

"లేదు."

"ఉన్నాదంటే నీ మొగుడికే ఉన్నాది." తరవాత ఆయన నోటిలో ఏమేం పడాలో, ఆయన సైకిలు ఏమైపోవాలో వివరంగా చెప్పింది. నా మనసులో ఉన్నవన్నీ నాకంటె బాగా అంది. అన్నీ అయ్యాక గొంతు దిగిపోయింది. "మరి నాది కరగదేటి?"

"కరగదు. తీయించుకోవాలి."

ఇసకలో వేలితో ఏదో గీసింది, చెరిపేసింది. "నాకు భయమమ్మా. మత్తిచ్చేస్తే మరి లెగుస్తానో నేదో. ఆయన గుజరాత్‌లో ఉన్నాడు, ఇప్పుడు రానేడు. పిల్లలు సిన్నోళ్ళు, అత్తకాడ ఒగ్గేస్తాను. నా కూడా ఎవులొస్తారు? అమ్మోరైతే ఎవులూ రానక్కర్లేదు కదా, అందుకే..."

"నేనొస్తాను."

"నువ్వా? నీ ఇచ్ఛాపురమో?"

"అది ఎక్కడికీ పోదు."

ఆమె లేచి, నా సైకిలు లేపి, హ్యాండిలుకు అంటిన ఇసక కొంగుతో తుడిచింది. "రా అప్పా, ఆకలేస్తన్నాదేమో" అంది. అప్ప అంటే మా వైపు అక్క. అమ్మా అనడం అక్కడ ఆపేసింది.

పొద్దువాలుతుండగా మా ఆయన వచ్చారు. సంచులన్నీ ఆయన సైకిలుకే ఉన్నాయి, ఒకటి కిందికి జారి చక్రానికి రాసుకుంటోంది. చెమటతో చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. దిగి, బల్ల పట్టుకుని నిలబడ్డారు.

"ఎదురుగాలి" అన్నారు.

"అవును, ఉంటాది" అన్నాను.

నా ముందు కంచంలో వేడివేడి అన్నం, చేపల పులుసు, పక్కన రెండు వేపుడుముక్కలు. చిన్నతల్లి ఆయనకూ కంచం పెట్టింది. అన్నం, పలచటి మజ్జిగ, ఉప్పుకల్లు.

ఆయన నా కంచంవైపు చూశారు. తన కంచంవైపు చూశారు. పొద్దుటినుంచీ ఏమీ తిన్నట్టు లేరు.

"మొక్కులో ఉన్నోళ్ళకి సేపలెట్టకూడదు బాబూ" అంది చిన్నతల్లి, ఎంతో మర్యాదగా. "అపసారం."

నేను ముల్లు తీసుకుంటూ తల ఎత్తలేదు. ఆమెకు అంతా తెలుసని ఆయనకు తెలుసు. అయినా ఆ పాకలో ఆయన బదులు ఇంకెవరూ మాట్లాడేలా లేరు. నేను మాట్లాడను. పెనం మీద ముక్క చిటపటమంటోంది. అవతల బల్ల మీద ఇద్దరు తింటున్నారు, వాళ్ళు కూడా ఆయనవైపే చూస్తున్నారు.

"మొక్కు లేదు చిన్నతల్లీ" అన్నారు చివరికి.

"నేదా? మరి అప్పకి గడ్డ?"

"అదీ లేదు."

"కరిగిపోనాదన్నావు?"

"నేనే చెప్పాను. అబద్ధం." మజ్జిగ కంచం మీదే కళ్ళు పెట్టుకుని, ఇంకా తగ్గిన గొంతుతో, "నువ్వు వెళ్ళి ఆపరేషన్ చేయించుకోమ్మా" అన్నారు.

చిన్నతల్లి పెనం మీది ముక్క తీసి ఆయన కంచంలో వేసింది. "అయితే తిను" అంది.

ఆయన మజ్జిగలో తేలుతున్న వంజరం ముక్క తిన్నారు. ఆ దృశ్యం ఫోటో తీసి సంఘం గ్రూపులో పెట్టాలనిపించింది. పెట్టలేదు. నాలోనూ కొంచెం దయ ఉంది, అప్పుడప్పుడు పనిచేస్తుంది.

సోమవారం చిన్నతల్లిని నేను ఆటోలో శ్రీకాకుళం తీసుకువెళ్ళాను. లోపలికి తీసుకుపోయేముందు నా చెయ్యి పట్టుకుని, "నా ముడుపు ఎనక్కియ్యకు. సెల్లించేయి. గడ్డ కరగాలని కాదు, నేను మళ్ళీ లెగాలని" అంది. లేచింది. ఆమె మాట్లాడగలిగేదాకా ఆ వరండాలోనే ఉన్నాను. ఆ రోజుల్లో మా ఆయన కళింగపట్నంలో చిన్నతల్లి అత్తగారి మాట ప్రకారం ఎండుచేపల దగ్గర కాకులను తోలారు. గ్రూపులో ఏం రాశారో నేను అడగలేదు. ఆశ్రిత చెప్పింది, ఆయన మూడు ముక్కలు రాశారట: 'పద్మకు జబ్బు లేదు.' దాని కింద ఎవరూ పువ్వులు పెట్టలేదు.

ప్రయాణం మళ్ళీ మొదలుపెట్టేసరికి చలి తగ్గింది, ఎండ ముదిరింది. కవిటి దాటాక, ఉద్దానం కొబ్బరితోటల్లో, రోడ్డు పక్క ఒక దిమ్మ మీద కూర్చుని ఉన్నాను. ఇచ్ఛాపురం ఇంక దగ్గరే. నా సైకిలుకు ముడుపుల సంచి ఒక్కటే ఉంది, తక్కినవి ఆయనకు. నీళ్ళు తాగాను. కాళ్ళు చాపుకున్నాను. ఫోన్ మోగింది.

"అప్పా, కుట్లు ఇప్పేసినారు" అంది చిన్నతల్లి. "నడుస్తన్నాను. పులుసు కూడా ఒండినాను. నువ్వెక్కడున్నావు?"

"నీ ముడుపుతో పాటే ఉన్నాను. సాయంత్రానికి అమ్మోరికి ఇచ్చేస్తాను."

"బాబేడీ?"

రోడ్డు వెనక్కి చూశాను. ఎండలో దూరంగా ఒక చుక్క కదులుతోంది. అటూ ఇటూ సంచులు ఊగుతూ, మెల్లగా పెద్దదవుతోంది.

"వస్తన్నారు" అన్నాను.

ఫోను పెట్టేశాక ఇంకాస్త కూర్చున్నాను. కొబ్బరాకుల్లో గాలి బాగుంది. ఆయన దగ్గరికి వచ్చారు. ముఖం కందిపోయింది. సైకిలు ఆపి, కాలు కింద పెట్టి, ఎంతో ఆశగా నా పక్కనున్న దిమ్మవైపు చూశారు.

నేను లేచి, పైజమా దులుపుకున్నాను.

"పదండి పదండి" అన్నాను, "ఎండెక్కిపోతాది."